ఊపిరి పీల్చని పాటగత్తెతో నా తిప్పలు

నేను ఒంగోలులో ఉంటాను. పగలు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు, ఎగుమతి కాగితాలు చూస్తాను, ఆదివారం మా చర్చి క్వయర్‌లో రిథమ్ ప్యాడ్ వాయిస్తాను. ఆ రెండో పని లేకపోతే ఈ గేమ్ నన్ను ఇంత ఏడిపించేది కాదేమో, ఇంతగా పట్టుకునేదీ కాదు. గేమ్ పేరు హాట్సునె మికు ప్రాజెక్ట్ దివా మెగా మిక్స్ ప్లస్. అంత పేరు ప్రతిసారీ రాయలేను, ఇక్కణ్ణుంచి ఉత్త దివా అంటాను.

దీన్ని నాకు అంటించింది మా పిన్ని కూతురు. నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, బొమ్మలు బాగా వేస్తుంది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు చూస్తే నోటుబుక్కుల అట్టల మీదంతా ఒకటే పిల్ల, మోకాళ్లు దాటిన రెండు జడలు, జుట్టు నీలమూ ఆకుపచ్చా కాని రంగు. ఎవరే ఈ అమ్మాయి అనడిగితే "సింగర్ అన్నయ్యా, కానీ మనిషి కాదు" అంది. మనిషి కాకుండా పాడేదేందో చూపించమన్నాను. ఆ అడగడమే అడగడం.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. హాట్సునె మికు ఒక సాఫ్ట్‌వేర్. జపాన్‌లో సప్పోరో నగరంలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే కంపెనీ 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టింది. లోపల పనిచేసేది యమహా వాళ్లు తయారుచేసిన వోకలాయిడ్ అనే పాడించే సాఫ్ట్‌వేర్. సాకి ఫుజిత అనే నటి చేత ధ్వనులు ముక్కలు ముక్కలుగా పలికించి రికార్డు చేశారు, మనం స్వరమూ మాటలూ ఎక్కిస్తే ఆ ముక్కలన్నీ అతుక్కుని పాటగా బయటికొస్తాయి. ఆ గొంతుకి కెయి అనే ఆర్టిస్టు చేత బొమ్మ వేయించారు, వయసు 16 అనీ ఎత్తు 158 సెంటీమీటర్లనీ రాసిపెట్టారు. అప్పుడూ 16, ఇప్పుడూ 16. పాటలు కట్టింది చాలావరకు ఇళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్న మామూలు జనం, అదే నాకు బాగా నచ్చిన సంగతి. ఆమెతో పాటు రిన్, లెన్, లూకా, మెయికో, కైతో అని ఇంకా ఇట్టాంటి గొంతులున్నాయి. వీళ్ల పాటలతో సెగా కంపెనీ 2009లో పీఎస్పీ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మీద మొదటి దివా గేమ్ తెచ్చింది, 2010లో జపాన్ గేమ్ సెంటర్లలో పెద్ద మెషీన్లుగా పెట్టింది, మేం ఆడే ఈ కంప్యూటర్ వెర్షన్ 2022 మేలో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్లోకి వచ్చింది. అందులో పాటలు 170కి పైనే.

ఆట వింటే చాలా తేలిక. పాట మోగుతుంటుంది, వెనక వీడియోలో మికు డాన్సు చేస్తుంటుంది, దాని మీద తెరంతా త్రిభుజం, చతురస్రం, వృత్తం, ఇంటూ గుర్తు ఆకారాల్లో ఖాళీ గూళ్లు కనపడతాయి. అదే ఆకారం ఎక్కణ్ణుంచో ఎగురుకుంటూ వచ్చి ఆ గూట్లో కూర్చునే క్షణానికి మనం ఆ బటన్ నొక్కాలి. సరిగ్గా పడితే కూల్, కొంచెం అటూఇటూ అయితే ఫైన్, ఆ తర్వాత సేఫ్, శాడ్, చివరికి ఉత్త తప్పు. కొన్ని గుర్తుల్ని నొక్కి పట్టుకుంటే అదనపు పాయింట్లు, కొన్నిచోట్ల రెండు మూడు నాలుగు బటన్లు ఒకేసారి కొట్టాలి, బాణం గుర్తులొస్తే పక్కకి జరపాలి. తప్పులు ఎక్కువైతే తెర మీద ఉన్న గీత తరిగిపోయి పాట మధ్యలోనే ఆగిపోతుంది. స్థాయిలు ఈజీ, నార్మల్, హార్డ్, ఎక్స్‌ట్రీమ్, కొన్ని పాటలకు దాని పైన ఎక్స్‌ట్రా ఎక్స్‌ట్రీమ్.

నేను నేరుగా హార్డ్ పెట్టమన్నాను. ఎందుకంటే డిసెంబరులో క్యారల్స్‌కి రాత్రంతా తిరిగి ఊరి చివర ఇంటి దగ్గర కూడా తాళం జారకుండా వాయించేవాణ్ణి, ఒక బొమ్మ పాటకు నాలుగు బటన్లు కొట్టలేనా అని. మా చెల్లెలు ఏమీ అనలేదు, పెట్టేసి పక్కన కూర్చుని చెగోడీలు తినడం మొదలుపెట్టింది. పాట సగానికి ముందే ఆగిపోయింది. ఇంకో పాట, అదీ ఆగిపోయింది. "నార్మల్ పెట్టనా అన్నయ్యా" అంది, గొంతులో నవ్వు దాచుకుంటూ, ఆ దాచుకోవడం నాకు ఇంకా మండింది.

విచిత్రం ఏమిటంటే నాకు తాళం తెలుస్తోంది, కాలు సరిగ్గానే ఆడుతోంది, చెయ్యి మాత్రం తప్పు చోట పడుతోంది. ఎందుకో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, అందులో ఒక్కో కారణం ఒక్కోసారి బయటపడింది.

మొదట బయటపడింది ఇయర్‌ఫోన్స్ సంగతి. రాత్రిపూట నాన్న నిద్రకు అడ్డం రాకుండా బ్లూటూత్‌వి పెట్టుకుని ఆడేవాణ్ణి. బ్లూటూత్‌లో శబ్దం కంప్యూటర్ నుంచి చెవికి చేరేసరికి మామూలుగా సెకనులో అయిదో వంతు అటూఇటూగా ఆలస్యం అవుతుంది. సినిమా చూసేటప్పుడు ప్లేయర్లు బొమ్మని కూడా అంతే వెనక్కి జరిపి సర్దేస్తాయి కాబట్టి మనకు తెలీదు, గేమ్‌లో అట్టా కుదరదు, నువ్వు నొక్కేది ఇప్పుడు. నిమిషానికి 120 దెబ్బలుండే పాటలో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండేదే అర సెకను, అందులో అయిదో వంతు సెకను పోతే ఇంక మిగిలేదేంది? నేను చెవిని నమ్మి కొడుతున్నాను, గేమ్ కళ్లకు చూపించేదాన్ని బట్టి లెక్కేస్తోంది. సెట్టింగుల్లో టైమింగ్ సర్దుకునే చోటు ఒకటి ఉంది కానీ బ్లూటూత్ ఆలస్యం అన్నివేళలా ఒకేలా ఉండదు. అద్దంకి బస్టాండ్ దగ్గర ఒక కొట్లో వైరున్న ఇయర్‌ఫోన్స్ కొన్నాను. ఆ రాత్రి నార్మల్ పాటలన్నీ చకచకా అయిపోయాయి. ఎవరైనా ఈ రకం గేమ్ ఏది మొదలుపెట్టినా, ఫోన్లో అయినా సరే, ముందు వైరు పెట్టుకోండి, ఆ తర్వాతే మీ చేతుల్ని తిట్టుకోండి.

రెండోది కీబోర్డు. చెల్లెలు సెలవులయ్యాక వెళ్లిపోయింది, నేను సేల్ వచ్చినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో గేమ్ కొనుక్కున్నాను. ఎడమ చేతికి డబ్ల్యూ, ఏ, ఎస్, డి, కుడి చేతికి ఐ, జె, కె, ఎల్ పెట్టుకున్నాను. ఒక్కో ఆకారానికి రెండు చేతుల్లోనూ ఒక్కో కీ ఉంటుందన్నమాట, త్రిభుజం డబ్ల్యూ అయినా ఐ అయినా ఒకటే. ఇది చాలా పెద్ద వరం, ఒకే ఆకారం వరసగా ఆరేడు సార్లు వస్తే ప్యాడ్ మీద రెండు పుల్లలు మార్చి మార్చి కొట్టినట్టే రెండు చేతులూ మార్చి కొట్టొచ్చు. అయితే మూడు బటన్లు కలిపి కొట్టాల్సిన చోట ప్రతిసారీ తప్పే పడేది, నేను మూడూ నొక్కానని ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత తెలిసింది, మామూలు కీబోర్డుల్లో కీల కింద తీగలు అడ్డంగా నిలువుగా గళ్లుగా పోయి ఉంటాయి, కొన్ని మూడు కీల జతలు కలిపి నొక్కితే ఆ గళ్లలో మూడోది నిజంగా నొక్కారో లేదో కంప్యూటర్ తేల్చుకోలేక వదిలేస్తుంది. టైపింగ్‌కి ఆ అవసరం రాదు కాబట్టి కంపెనీలకు పట్టదు. జపాన్‌లో అసలు మెషీన్ మీద పెద్ద పెద్ద బటన్లు నాలుగు ఉంటాయి, వాటి పైన వేలితో జరిపే పట్టీ ఒకటి. నాలుగూ కలిపి కొట్టమంటే అక్కడ రెండు అరచేతులు బల్ల మీద వేసినట్టు వేస్తే సరిపోతుంది, ఆ పాటల గుర్తులు ఆ అరచేతుల కోసం రాసినవి, వాటిని మనం ఇక్కడ బుల్లి కీల మీద పడి కొడుతున్నాం.

కర్నూలు రోడ్డులో ఒక కంప్యూటర్ షాపుకి పోయి ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ పడే కీబోర్డు ఉందా అనడిగాను. షాపతను "గేమింగా బ్రదర్, ఇదిగో దీనికి ఏడు రంగుల లైట్లొస్తాయి" అన్నాడు. లైట్లు వద్దు, కీలు పడాలి. అతనికి నమ్మకం కుదరక, నాకు ఓపిక పోక, కౌంటర్ మీద ఉన్న కంప్యూటర్‌కే ఒక్కోటి తగిలించి నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగేసి కీలు కలిపి కొట్టి చూశాను, నాలుగు అక్షరాలూ వస్తున్నాయా లేదా అని. లైట్లున్నవాటిలో కూడా కొన్ని మూడే ఇచ్చాయి. చివరికి ఏ లైటూ లేని, చూడటానికి ఆఫీసుది లాగా ఉండేది ఒకటి అన్నీ ఇచ్చింది. ఆ పక్కన ప్రింటర్ కోసం వచ్చిన పెద్దాయన "ఏం టెస్ట్ బాబూ అది" అంటే ఏం చెప్పాలో తోచక "టైపింగ్ అండీ" అన్నాను.

సరే, పరికరాలు కుదిరాయి. హార్డ్‌లో సగం పాటలు అయ్యాయి. అప్పుడు కానీ అసలు సమస్య దగ్గరికి రాలేదు నేను.

ప్యాడ్ వాయించేవాడి చెవి ఎప్పుడూ కింద ఉంటుంది, డ్రమ్ముల్లో బేస్ ఎక్కడ పడింది, స్నేర్ ఎక్కడ పడింది. పాడేవాళ్ల మాటలు మాకు పైన ఎక్కడో పోతుంటాయి. దివాలో గుర్తులు ఎక్కువ భాగం డ్రమ్ మీద రావు, గొంతు మీద వస్తాయి. మికు ఏ అక్షరం పలికితే ఆ అక్షరానికి ఒక గుర్తు. జపనీస్‌లో అక్షరాలు ఇంచుమించు ఒకే కొలతలో పోతాయి, అందుకే అది గుర్తులుగా రాయడానికి బాగా కుదురుతుంది. అంటే ఆ నాలుగు బటన్లతో నువ్వు వాయించడం లేదు, పాడుతున్నావు. నా చెయ్యేమో అలవాటు కొద్దీ బేస్ మీద పడుతోంది, గేమ్ పల్లవి మీద పడమంటోంది. ఇది తెలిశాక తలకి అర్థమైంది కానీ చేతికి అర్థం కావడానికి నెలలు పట్టింది, ఎన్నో ఏళ్ల అలవాటు కదా.

ఇంకో తేడా కూడా ఉంది. మా క్వయర్‌లో ఆంటీలు చరణం చివర కాస్త లాగుతారు, భక్తి ఎక్కువైతే ఇంకాస్త లాగుతారు, మేం వాళ్ల మొహాలు చూసుకుంటూ ఆగుతాం, వాళ్లు గాలి పీల్చుకుని మళ్లీ ఎత్తుకుంటే మేమూ ఎత్తుకుంటాం. మనిషి వెనక వాయించడం అంటే అదే. ఈ అమ్మాయి ఎవరి మొహమూ చూడదు.

ఈ విషయాన్ని నాకంటే ముందు మా అమ్మ కనిపెట్టింది. అమ్మ క్వయర్‌లో పాడుతుంది, ఇప్పటికీ గొంతు గట్టిదే. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను స్పీకర్ పెట్టి ఆడుతుంటే వంటింట్లో నుంచి చేపల పులుసు గరిటె పట్టుకునే వచ్చి కాసేపు నిలబడింది. నేను గోల ఆపమంటుందేమో అనుకున్నా. "ఏరా, ఈ పిల్ల గాలెప్పుడు పీల్చుకుంటదిరా?" అంది. ఇది మనిషి కాదమ్మా, కంప్యూటర్ అన్నాను. "అదే కదా అనేది. పీల్చుకోకుండా ఆ లైను ఎవరూ పాడలేరు. నీకూ సందు ఇవ్వదు ఇంక" అని లోపలికి పోయింది.

నేను పాట ఆపేసి కూర్చున్నాను. నిజమే. మనుషులు పాడే ఏ పాటలో అయినా లైనుకీ లైనుకీ మధ్య ఊపిరికి చోటు ఉంటుంది, రాసేవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకునే రాస్తారు. ఆ చోటులోనే వాయించేవాడికీ ఒక క్షణం తీరిక, చెయ్యి విదుల్చుకుంటాడు, తల ఎత్తుతాడు. ఊపిరే అక్కర్లేని గొంతు చేతికొచ్చినప్పుడు పాట కట్టేవాళ్లకు ఆ చోటు వదలాల్సిన పని లేదు. కొందరు ఇష్టంగా వదిలారు, వినసొంపుగా ఉంటుందని. ఇంకొందరు మనిషి ఎట్టాగూ పాడలేనిది కడదాం అని పనిగట్టుకుని కట్టారు. గొంతు మీద గుర్తులు వేసే గేమ్ కాబట్టి ఆ ఊపిరాడనితనం అంతా నేరుగా మన వేళ్ల మీదికి దిగుతుంది. కష్టం అంటే వేగం అనుకుంటాం. వేగంగా పోయి మధ్యలో ఆగే పాటలు నేను చాలా ఆడేశాను, నెమ్మదిగా పోతూ ఎక్కడా ఆగని పాటల్లోనే గీత తరిగిపోయేది.

ఊపిరికి చోటివ్వని పాటలన్నిటికీ పెద్దక్క ఒకటుంది, అది వేగంగానూ పోతుంది, హాట్సునె మికు అదృశ్యం గురించిన పాట, ఇంగ్లీషులో ది డిసప్పియరెన్స్ ఆఫ్ హాట్సునె మికు అంటారు. కట్టింది కాస్మో అనే ఆయన. వేగం నిమిషానికి 240. మికు సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు కంపెనీ వాళ్లే ఈ గొంతుకు బాగా నప్పే వేగం 70 నుంచి 150 అని రాశారు, ఈయన తీసుకుపోయి 240లో పరిగెత్తించాడు. సెకనుకు నాలుగు దెబ్బలు, దెబ్బకు రెండు అక్షరాల లెక్కన సెకనుకు ఎనిమిది అక్షరాలు, అవీ గుక్కతిప్పుకోకుండా. పాట సంగతి ఏమిటంటే ఒక పాడే సాఫ్ట్‌వేర్ తనను అందరూ వదిలేస్తుంటే, తాను చెరిగిపోతూ చివరి మాటలు చెప్పుకోవడం. అంటే ఆ తొందరకు కారణం ఉంది, టైమ్ అయిపోతోంది, చెప్పాల్సింది ఇంకా మిగిలింది. ఇది తెలియకముందు నాకు ఆ పాట ఉత్త విన్యాసంలా అనిపించేది, తెలిశాక ఇంకోలా వినపడింది. మా చెల్లెలికి ఫోన్ చేసి చెబితే "నీకు ఇప్పుడు తెలిసిందా అన్నయ్యా, నేను ఏడ్చాను కూడా ఆ పాటకి" అంది. మరి ముందే చెప్పొచ్చు కదా.

దాన్ని ఎక్స్‌ట్రీమ్‌లో పూర్తి చెయ్యాలని మొదలుపెట్టినప్పుడు మొదటి వరస దాటడమే గొప్ప. కళ్లు ఒక సంగతి. వేరే రిథమ్ గేముల్లో గుర్తులు పైనుంచి కిందికి వరసల్లో దిగుతాయి, చూపు ఒక్కచోట పెట్టుకుంటే సరిపోతుంది. దివాలో గూళ్లు తెరంతా పరుచుకుంటాయి, కాసేపు అడ్డంగా, కాసేపు వంకర తిరిగి, వెనకాల కెమెరా గిర్రున తిరుగుతూ మికు జడలు విసురుతుంటే ఆకుపచ్చ త్రిభుజం ఆ జడల రంగులో కలిసిపోతుంది. నేను ఎగిరొచ్చే గుర్తుని చూసేవాణ్ణి, అది వచ్చేసరికి తర్వాతి మూడూ వచ్చి పడేవి. చూడాల్సింది ఎగిరొచ్చేదాన్ని కాదు, అది కూర్చోబోయే గూటిని, అదీ ఇప్పటి గూటిని కాదు, రెండు మూడు గూళ్లు ముందున్నదాన్ని. టైమింగ్‌ని చెవికి వదిలెయ్యాలి, కళ్లు ముందుకు పోయి ఆకారాలు చదువుకోవాలి. క్వయర్ పాటల పుస్తకం చూసి పాడేవాళ్లు చేసేది ఇదే, నోట్లో ఒక మాట ఉంటే కన్ను తర్వాతి మాట మీద ఉంటుంది. అమ్మకి ఇది చిన్నప్పటి నుంచీ వచ్చు, నేను ముప్పైకి దగ్గర పడ్డాక నేర్చుకున్నాను.

ఆ తర్వాత చెవి. గేమ్ తెరవకుండా ఆ పాట ఒక్కటే వినడం మొదలుపెట్టాను. ఒంగోలు నుంచి చీమకుర్తి బస్సులో కూర్చుని, భాష రాదు కాబట్టి అక్షరాలు నాకు వినపడినట్టు నోట్లో గొణుక్కునేవాణ్ణి. అర్థం అక్కర్లేదు, నాలుక ఆ దారి పట్టుకుంటే చాలు. పక్క సీట్లో కూర్చున్నాయన ఒకరు, రోజూ ఎక్కేవాడే, ఒకరోజు మెల్లగా "ప్రార్థనా బాబూ" అనడిగాడు. అంత వేగంగా ప్రార్థించేవాణ్ణి చూసి పాపం ఏ కష్టమొచ్చిందో అనుకుని ఉంటాడు. కాదండీ పాట అంటే నమ్మలేదు. ఏమైనా ఆ గొణుగుడు పనిచేసింది. నాలుకకి వచ్చిన లైన్లన్నీ వేళ్లకి వచ్చాయి, నాలుక తడబడే చోట వేళ్లూ తడబడేవి, ఎప్పుడూ అంతే, ఒక్కసారీ తేడా రాలేదు.

గేమ్‌లో ప్రాక్టీస్ మోడ్ ఒకటి ఉంది, పాటలో నీకు కావాల్సిన చోటి నుంచి మొదలుపెట్టి మళ్లీ మళ్లీ కొట్టుకోవచ్చు. దాన్ని మొదట్లో నేను పట్టించుకోలేదు, మొత్తం పాట ఆడితేనే ఆడినట్టు అనిపించేది. కానీ కష్టమైన చోటు పాట చివర్లో ఉంటే ప్రతిసారీ మొదటి నుంచి వచ్చేసరికి చేతులు అప్పటికే సగం చచ్చి ఉంటాయి, ఆ చచ్చిన చేతులతో నేర్చుకునేది కూడా చచ్చు పద్ధతే. చివరి భాగం ఒక్కటే తీసుకుని తాజా చేతులతో కొట్టడం మొదలుపెట్టాక దారి కనపడింది.

నొప్పి గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు దాన్ని. మోచేయి కింద నుంచి మణికట్టు దాకా కండ బిగుసుకుపోయి, పొద్దున ఆఫీసులో ఇన్‌వాయిస్ టైప్ చేస్తుంటే వేళ్లు మాట వినేవి కావు. కారణం వేగం కాదు, భయం. గుంపుగా గుర్తులు వస్తున్నాయనగానే కీని అడుగు దాకా గుద్దేవాణ్ణి, బుగ్గలు బిగించి, ఊపిరి కూడా బిగబట్టి. మళ్లీ అమ్మ మాటే గుర్తొచ్చింది. మికు గాలి పీల్చదు సరే, నేను పీల్చుకోవాలి కదా. దాంతో పాటలో చోటు లేకపోయినా నేనే చోట్లు పెట్టుకున్నాను, ఈ లైను మూడో గుంపు దగ్గర వదులు, ఇక్కడ పీల్చు అని. నొక్కి పట్టుకునే గుర్తులు కూడా అందుకు పనికొస్తాయి. వాటిని పట్టుకుంటే అదనపు పాయింట్లు, వదిలేస్తే ఆ పాయింట్లు రావంతే, తప్పు లేకుండా సాగే వరస తెగదు. పాయింట్ల ఆశ మానుకుని వదిలేస్తే ఒక వేలు ఖాళీ అవుతుంది, ఆ వేలితో పాటు భుజం కూడా దిగుతుంది. స్కోరు పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని ఒప్పుకోరు, మా చెల్లెలు అస్సలు ఒప్పుకోదు, పట్టుకోకపోతే ఆడినట్టే కాదంటుంది. ఆమె వేళ్లకు ఇరవై ఏళ్లు కూడా లేవు మరి.

పూర్తయిన రోజు గొప్పగా ఏమీ జరగలేదు. ఎండాకాలం, ఫ్యాను గాలి కూడా వేడిగా ఉంది, వేళ్లకు చెమట పట్టి కీలు జారుతుంటే పక్కన తువ్వాలు పెట్టుకుని తుడుచుకుంటూ ఆడుతున్నాను. రికార్డు కొట్టాలని కూర్చోలేదు, పడుకునే ముందు ఒకసారి అని పెట్టాను. మధ్యలో నేను ఎక్కడున్నానో చూసుకోలేదు, నోరు గొణుగుతూనే ఉంది, పాట అయిపోయింది, గీత ఇంకా మిగిలే ఉంది. గ్రేట్ అని వచ్చింది. ఆ గేమ్ వరసలో స్టాండర్డ్ పైన గ్రేట్, ఆ పైన ఎక్సలెంట్, అన్నిటి పైన పర్ఫెక్ట్, అంటే అన్నీ కూల్, ఫైన్లే పడాలి, ఒక్క సేఫ్ పడినా అది పోయినట్టే. ఫోటో తీసి చెల్లెలికి పంపితే తను కూడా ఒక ఫోటో పంపింది, అదే పాట, ఎక్సలెంట్, ఎప్పటిదో పాతది. కింద "కంగ్రాట్స్ అన్నయ్యా" అని రాసి ఆ నవ్వు బొమ్మలు ఎన్ని పెట్టిందో.

క్వయర్‌లో ఏమైనా మారిందా అంటే ఒకటి మారింది. మాటలు వింటున్నాను. మొన్న కొత్త పాట ప్రాక్టీసులో ఒక ఆంటీ చరణం మధ్యలో గాలి సరిపోక ఇబ్బంది పడుతుంటే, అక్కడ నేను ఫిల్, అంటే లైనుకీ లైనుకీ మధ్య వాయించే ముక్క, కాస్త పొడిగించి వాయించాను, ఆమె నా వైపు చూసి తల ఊపి తీరిగ్గా ఎత్తుకుంది. కీబోర్డు వాయించే తమ్ముడు మాత్రం "ఏందన్నా, ఎక్స్‌ట్రా కొట్టావు" అని గొడవ.

ఇప్పుడు ఎక్సలెంట్ దాటి పర్ఫెక్ట్ కొట్టి మా చెల్లెలి నోరు మూయించాలని కూర్చున్నాను. మొదటి వరసలు శుభ్రంగా పోతున్నాయి, నడిమి భాగం కూడా చాలాసార్లు తెగకుండా పోతోంది. చివరి పరుగులో రెండు చోట్ల మాత్రం సేఫ్ పడుతోంది, రెండు చోట్లా వృత్తమే, రెండు చోట్లా కుడి చేతి ఉంగరం వేలే. బస్సులో దాన్ని ఒక్కదాన్నే సీటు కమ్మీ మీద ఆడిస్తూ పోతున్నాను, పక్క సీటాయన చూస్తూనే ఉన్నాడు, ఇంకా ఏమీ అడగలేదు.